సిరాజుద్దీన్ రెండో నొక్కు

బందరులో తయారయ్యే రోల్డ్‌గోల్డ్ గాజు ఊరు దాటాలంటే ముందు సిరాజుద్దీన్ కళ్లు దాటాలి. అన్నీ కాదు లెండి, చిలకలపూడిలో జగన్మోహనరావుగారి వర్క్‌షాపులో తయారైనవి మాత్రమే. కానీ సిరాజుద్దీన్ నడిచే తీరు చూసినవాళ్లకు, ఊళ్లో ఉన్న వస్తువులన్నీ అతని చెకింగ్ కిందే ఉన్నాయేమోనన్న అనుమానం వస్తుంది. పెళ్లికి పిలిస్తే బిర్యానీలో ఏది ఎక్కువైందో, ఏది తక్కువైందో చెప్తాడు. కొత్తగా పెళ్లయిన రోజుల్లో అత్తగారింటికి వెళ్లి, వీధి తలుపు కిర్రుమంటోందని చెప్పాడు. మామగారు మర్యాదస్థుడు, వెంటనే నూనె పోయించాడు. తరవాతి సారి వెళ్లినప్పుడు నూనె ఎక్కువైందని చెప్పాడు. అప్పటినుంచి ఆయన అల్లుణ్ణి పెరటి వైపు నుంచి లోపలికి తీసుకెళ్తున్నాడు.

పనిలో మాత్రం అతన్ని తప్పు పట్టడానికి లేదు. పద్నాలుగో ఏట చేరి, పద్నాలుగేళ్లు బల్ల ముందు కూర్చుని గాజులకు రాళ్లు కూర్చాడు. ఇరవై ఎనిమిదో ఏట యజమాని పిలిచి భూతద్దం, ఎర్ర మార్కరు చేతికిచ్చి చెకింగ్ కుర్చీలో కూర్చోబెట్టాడు. ఈ ఎనిమిదేళ్లలో ఆ కుర్చీ దాటి వెళ్లిన గాజు ఒక్కటీ తిరిగి రాలేదు. రాయి వదులుగా ఉన్నా, అతుకు కనబడుతున్నా, మెరుగు ఒకచోట మాసినా సిరాజుద్దీన్ దాని మీద ఎర్ర చుక్క పెడతాడు. చిన్న చీటీ మీద ఒక్క మాట రాసి, గాజుకి కట్టి, చేసినవాళ్లకే వెనక్కి పంపుతాడు. ‘వదులు’, ‘అతుకు’, ‘మాసింది’. అంతే. దాన్ని రిటర్న్ చీటీ అంటారు. చీటీ అందుకున్న మనిషి అది ఎందుకలా అయిందో చెప్పబోతే చెయ్యెత్తి ఆపేస్తాడు.

“ఎదురు చెప్పకూడదమ్మా. సరిచేసి పట్టుకురా.”

రాళ్లు కూర్చే ఆడవాళ్లు పదకొండు మంది ఎనిమిదేళ్లుగా ఈ మాట వింటున్నారు. వాళ్లకి నోళ్లు లేక కాదు. అందులో లక్ష్మీదుర్గ హంసలదీవిలో పుట్టి, గిలకలదిండిలో చేపల రేవు పక్కన కాపురం చేస్తున్న మనిషి. రేవులో వేలంపాట జరుగుతున్నప్పుడు ఇటునుంచి అటుకి మైకు లేకుండా మాట్లాడగలదు. అలాంటి మనిషి కూడా చెకింగ్ కుర్చీ ముందు గాజు తీసుకుని, చీటీ తీసుకుని, నోరు మూసుకుని వెళ్లిపోయేది. ఎందుకంటే అతను చూపించిన తప్పు ఎప్పుడు చూసినా అక్కడ ఉండేది. వాళ్ల మంటంతా అదే.

ఈ సిరాజుద్దీన్‌కి ఇంకో జీవితం ఉంది. నెలకోసారి, మొదటి ఆదివారం, పొద్దున్నే ప్యాసింజరెక్కి గుడివాడ వెళ్లి ఓడిపోయి వస్తాడు.

గుడివాడలో డేవిడ్ రాజు అనే ఆయన ఒక ఎరువుల కొట్టు మీది అంతస్తులో గేమింగ్ సెంటరు నడుపుతున్నాడు. అక్కడ నెలనెలా ఫైటింగ్ గేము పోటీ పెడతాడు. తెర మీద ఇద్దరు బొమ్మ మనుషులు తన్నుకుంటారు, వాళ్లను ఇద్దరు నిజం మనుషులు మీటలు నొక్కి తన్నిస్తారు. మూడు రౌండ్లలో రెండు గెలిచినవాడిది మ్యాచ్. ఓడినవాడు ఆ నెలకి ఇంటికి. వచ్చేవాళ్లు ఇరవై మంది, ఎక్కువగా కాలేజీ కుర్రాళ్లు. ముప్ఫై ఆరేళ్ల సిరాజుద్దీన్ వాళ్ల మధ్య కూర్చుంటే, ఫీజు కట్టడానికి వచ్చిన ఎవరి తండ్రో అనుకుంటారు.

చిన్నప్పుడు బందరు కోనేరు సెంటరు దగ్గర సందులో రూపాయి బిళ్ల వేస్తే ఆడుకునే మిషన్లు ఉండేవి. అక్కడ పట్టుకుంది ఈ పిచ్చి. ఆ కొట్టు మూతపడింది, చదువు ఆగింది, ఆట పోయింది. ఇరవై ఏళ్ల తరవాత సరుకు ఇవ్వడానికి గుడివాడ వెళ్లినప్పుడు ఎరువుల కొట్టు మీంచి ఆ చప్పుడు వినబడింది. మెట్లెక్కాడు. ఆ సాయంత్రం రైలు తప్పిపోయింది.

ఇందులో నవ్వడానికి చాలా ఉంది గానీ ఒక్క సంగతి మాత్రం చెప్పాలి. సిరాజుద్దీన్ చదువు మానింది నాన్న చెప్పాడని. రాళ్ల పని నేర్పింది వర్క్‌షాపులో అతనికి పిన్నిలాంటి మహమూదా ఖాలా. కుర్చీ యజమాని ఇచ్చాడు. సంబంధం అమ్మ చూసింది. ఎవరూ చెప్పకుండా, ఎవరికోసమూ కాకుండా, తనంతట తను కోరుకున్నది ఈ ఆట ఒక్కటే. అందుకే పెడనలో కలంకారీ అచ్చులు చెక్కే ఆయన్ని బతిమాలి టేకు పెట్టె చేయించుకుని, దానికి బొమ్మను నడిపే ఒక కర్ర, ఎనిమిది మీటలు బిగించుకున్నాడు. ఆయన అడక్కుండానే పెట్టె అంచు చుట్టూ లతలు కూడా చెక్కి ఇచ్చాడు. ఆటలో సిరాజుద్దీన్ ఎంచుకున్న బొమ్మ కర్రసాము చేసే గెడ్డం ముసలాయన. ఆ ముసలాయన ముప్ఫై ఒక్క నెలలు, ముప్ఫై ఒక్క మొదటి మ్యాచ్‌ల్లో, ముప్ఫై ఒక్కసార్లు చావుదెబ్బలు తిన్నాడు.

డేవిడ్ రాజు సెంటర్లో ఒక పద్ధతి ఉంది. ప్రతి మ్యాచ్‌నీ రికార్డు చేసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. చూసినవాళ్లు ఆడినవాడి తప్పులు రాస్తారు. అలా రాయించుకునే కుర్రాళ్లందరూ బాగుపడ్డారు. వాళ్లలో ధనుష్ అనే డిగ్రీ కుర్రాడు ఏడాదిలో అందరికన్నా పైకెళ్లాడు. సిరాజుద్దీన్‌కి కూడా మొదట్లో రాశారు. డేవిడ్ రాజు ఎవరికైనా చెడ్డమాట చెప్పాలంటే ముందు మెత్తగా పరుపు వేస్తాడు. “చాలా బాగా ఆడారండి సిరాజుద్దీన్ గారూ. ఆ ఓడిపోవడం ఒక్కటి తప్పిస్తే.” ధనుష్ సూటిగా రాసేవాడు. “అన్నా, దెబ్బ తగిలాక ఆ మీట మళ్లీ ఎందుకు నొక్కుతున్నారు?”

ప్రతి మాటకీ సిరాజుద్దీన్ దగ్గర జవాబుంది. ఫ్యాను గాలికి కళ్లు ఆరిపోయాయి. కుర్చీ కాలు ఒకటి పొట్టి. టీవీ నెమ్మదిగా ఉంది. కవుతరం దగ్గర రైలు నలభై నిమిషాలు ఆపేశారు, మనసు అక్కడే ఉండిపోయింది. మీట మళ్లీ నొక్కానన్నది పచ్చి అబద్ధం, నొక్కింది ఒక్కసారే. ఇవన్నీ టైపు చెయ్యడానికి చాలవు కాబట్టి వాయిస్ మెసేజీలు పెట్టేవాడు. ఒక్కోటి తొమ్మిది నిమిషాలు.

నెలలు గడిచేకొద్దీ అతని వీడియోల కింద రాతలు తగ్గిపోయాయి. చివరికి ఒక గులాబీ పువ్వు, రెండు జోడించిన చేతులు మిగిలాయి. ముప్ఫై ఒకటోసారి ఓడిన రోజు ఉండబట్టలేక డేవిడ్ రాజునే అడిగాడు.

“నా తప్పులు ఎవరూ రాయట్లేదేంటండీ? తప్పుల్లేవా?”

“తప్పులు రాస్తే మీరు జవాబు పెడుతున్నారండి,” అన్నాడు డేవిడ్ రాజు చాలా మర్యాదగా. “మీ జవాబు వినడానికి అరగంట పడుతోంది. కుర్రాళ్లకి పరీక్షలు కూడా ఉన్నాయి కదండీ.”

ఎవరో కిసుక్కున నవ్వారు. సిరాజుద్దీన్‌కి ఎక్కడ లేని రోషం వచ్చింది. ఇరవై మంది ముందు టేకు పెట్టె చంకలో పెట్టుకుని, “వచ్చే నెల ఒక్క మ్యాచ్ గెలవకపోతే ఈ పెట్టె మళ్లీ ముట్టుకోను,” అనేశాడు. అనేసి మెట్లు దిగాడు. రైల్లో పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాక గానీ ఏమన్నాడో అర్థం కాలేదు. అతను నోటితో అన్న మాట వెనక్కి తీసుకునే రకం కాదు. ఇంకో నెల ఉంది. ఆ తరవాత మొదటి ఆదివారాలన్నీ మామూలు ఆదివారాలే.

ఇంట్లో భార్య అర్షియా అంతా విని, చారు పోస్తూ అంది. “వాళ్లు చెప్పనంటే చెప్పేవాళ్లని మీరే వెతుక్కోండి. మీ దగ్గరే పదకొండు మంది ఉన్నారుగా.”

“రాళ్లు కూర్చే వాళ్లా? వాళ్లకి ఈ ఆటేం తెలుసు?”

“మీరెప్పుడైనా గాజులు వేసుకున్నారా?” అంది అర్షియా. “మరి తప్పులు పట్టట్లేదూ.”

పెళ్లయి పదకొండేళ్లయినా ఈవిడ ఇలాంటి మాటలు అన్నం పెట్టేటప్పుడే ఎందుకంటుందో సిరాజుద్దీన్‌కి ఇంతవరకూ తెలియలేదు.

మర్నాడు మధ్యాహ్నం క్యారేజీలు విప్పే వేళకి అతను రాళ్లు కూర్చేవాళ్ల బల్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. చేతిలో చీటీలు లేవు. పదకొండు మందీ తినడం ఆపేశారు. అన్నంలో కూడా ఏదో తప్పు దొరికిందేమో అనుకున్నారు. అతను గొంతు సవరించుకుని విషయం చెప్పాడు. ఆట తెలియక్కర్లేదనీ, చూసి ఎక్కడ తప్పనిపిస్తే అక్కడ చెప్పమనీ అడిగాడు. లక్ష్మీదుర్గ లేచి చెయ్యి కడుక్కుంది. చెకింగ్ కుర్చీ దగ్గరికి వెళ్లి రిటర్న్ చీటీల పుస్తకం, ఎర్ర మార్కరు తెచ్చుకుని కూర్చుంది. అతని అనుమతి అడగలేదు.

అతను ఫోన్లో పెట్టిన నిన్నటి మ్యాచ్ రెండు నిమిషాలు. చూడడానికి వాళ్లకి నలభై నిమిషాలు పట్టింది, ఎందుకంటే గాజు చూసినట్టే చూశారు, ఆపుతూ, వెనక్కి తిప్పుతూ.

“ఇందులో మీరెవరు సిరాజన్నా?” అంది లక్ష్మీదుర్గ.

“ఆ కర్ర పట్టుకున్న ముసలాయన.”

“తాతగారా. ఈ వయసులో ఇన్నిసార్లు ఎగురుతాడేంటి?”

“అది ఊరికే ఎగరడం కాదమ్మా. పైనుంచి దాడి చేస్తే ఎదుటివాడు కిందనుంచి...”

లక్ష్మీదుర్గ చెయ్యెత్తింది. “ఎదురు చెప్పకూడదు. సరిచేసి పట్టుకురండి.”

ఎనిమిదేళ్ల నవ్వు ఒక్కసారిగా పదకొండు నోళ్లలోంచి బయటికొచ్చింది. ఒకావిడకి పొలమారి నీళ్లు తాగించాల్సి వచ్చింది. మెరుగు పెట్టే గదిలోంచి మనుషులు పరిగెత్తుకొచ్చారు, ఏదైనా పేలిందేమోనని. సిరాజుద్దీన్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా కదల్లేదు, ఎందుకంటే ఆ పద్ధతి తను పెట్టిందే.

రోజంతా రాళ్లు లెక్కపెట్టే వాళ్లకి లెక్క వెన్నతో పెట్టిన విద్య. తాతగారు పద్నాలుగు సార్లు ఎగిరాడు, పదకొండు సార్లు తన్నులు తిని కిందపడ్డాడు. ఆరుసార్లు వెనక్కి నడిచి తనంతట తనే మూలకి చేరాడు. దెబ్బ తిన్న వెంటనే కోపం వచ్చి మీదికి ఉరికాడు, తొమ్మిదిసార్లు. లక్ష్మీదుర్గ చీటీలు చింపి వరసగా అతని చేతిలో పెట్టింది. ‘ఎగురుడు’. ‘మూల’. ‘రోషం’. మొదటి రోజు ఎనిమిది చీటీలు. అతను వాటిని చొక్కా జేబులో పెట్టుకుని వెళ్లి తన కుర్చీలో కూర్చున్నాడు. ఆ మధ్యాహ్నం ఎర్ర చుక్కలు మామూలుకన్నా ఎక్కువ పడ్డాయని కొందరంటారు.

ఇక రోజూ అదే వరస. సాయంత్రం ఇంటికెళ్లి ఆన్‌లైన్‌లో ముక్కూ మొహం తెలియని వాళ్లతో ఆడేవాడు, మధ్యాహ్నం ఆ వీడియో తెచ్చి బల్ల మీద పెట్టేవాడు. “నిన్న మూలకి వెళ్లొద్దన్నామా లేదా?” అని వాళ్లు నిలదీసేవాళ్లు. మింగేసిన జవాబులు లోపల ఉండలు కట్టి మొదటి వారం అతనికి అన్నం సయించలేదు. పొద్దున్న గెడ్డం గీసుకుంటూ అద్దంతో చెప్పుకునేవాడు, నిన్న నెట్ సరిగ్గా లేదనీ, దోమ కుట్టిందనీ. అలా చెప్పుకుంటుండగా ఒకరోజు గెడ్డం తెగింది. ఆ రోజునుంచి అద్దంతో కూడా మానేశాడు. తమాషా ఏమిటంటే, చెప్పుకోవడం మానేశాక దోమలు కుట్టడం కూడా తగ్గింది. రెండు వారాలకి చీటీలు ఎనిమిది నుంచి మూడుకి, మూడు నుంచి ఒకటికి వచ్చాయి.

ఆ ఒక్కటి మాత్రం పోలేదు. తాతగారి కర్ర ఎదుటివాడికి శుభ్రంగా తగులుతుంది. తగిలిన మరుక్షణం తాతగారే దెబ్బ తింటాడు. కొట్టినవాడు ఎందుకు తింటున్నాడో ఎవరికీ అంతుబట్టలేదు. లక్ష్మీదుర్గ చీటీ మీద ఏం రాయాలో తెలియక ప్రశ్న గుర్తు పెట్టి ఇచ్చింది.

“మీరు కర్ర రెండుసార్లు విసురుతున్నారు సిరాజన్నా. మొదటిది తగులుతోంది, రెండోది గాల్లో పోతోంది. గాల్లో పోయినప్పుడు తాతగారు అలా నోరు తెరుచుకుని నిలబడిపోతున్నాడు, వాడొచ్చి కొడుతున్నాడు.”

“నేను నొక్కింది ఒక్కసారేనమ్మా,” అన్నాడు సిరాజుద్దీన్. ఇది సాకు కాదు. తల్లి మీద ఒట్టేసి చెప్పమన్నా అదే చెప్పేవాడు.

అప్పుడు నోరు విప్పింది మహమూదా. రాళ్లు కూర్చేవాళ్లలో అందరికన్నా పెద్దది, అరవై దాటింది. కంట్లో శుక్లానికి ఆపరేషను చేయించుకున్నాక ఫోన్లో బొమ్మలు చూస్తే తల తిరుగుతుందని ఇన్నాళ్లూ ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు.

“ఆదివారం మీ ఇంటికొస్తానురా సిరాజూ,” అంది. “నువ్వు ఆడు, నేను వింటాను.”

పోటీకి ఇంకా వారం ఉంది. ఆదివారం పొద్దున్న మహమూదా వచ్చింది. టీవీ వైపు వీపు పెట్టి చాప మీద కూర్చుని, అర్షియా ఇచ్చిన వెల్లుల్లిపాయలు ఒలుస్తూ వినసాగింది. సిరాజుద్దీన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని ఆడాడు. ఒక మ్యాచ్ అయింది, రెండో మ్యాచ్ సగానికి వచ్చింది. మహమూదా చేతిలో రెబ్బ ఆగిపోయింది.

“సిరాజూ, నువ్వు రాళ్లు కూరుస్తున్నావురా.”

“ఏంటి ఖాలా?”

“వింటున్నాగా. టక్కు, టక్కు. ఒక్కో దెబ్బకి రెండు నొక్కులు. ఒకటి పెట్టడానికి, ఒకటి కూర్చుందో లేదో చూడ్డానికి.” ఆవిడ వెనక్కి తిరక్కుండానే అంది. “ఆ రెండోది నీకు నేనే నేర్పాను. నేర్చుకునేదాకా వేలి మీద స్కేలుతో కొట్టాను కూడా.”

సిరాజుద్దీన్ తన చూపుడువేలు వంక చూసుకున్నాడు. నెమ్మదిగా ఒక మీట నొక్కాడు. వేలు దానంతట అది ఇంకోసారి నొక్కింది. మళ్లీ నొక్కాడు. మళ్లీ నొక్కింది. అతనికి నిజంగా తెలియదు. పద్నాలుగేళ్లలో కొన్ని లక్షల రాళ్లు ఆ వేలి కింద కూర్చున్నాయి. వాటిలో ఒక్కటీ ఊడలేదంటే ఆ రెండో నొక్కే కారణం. అతను ఇంతటివాడు కావడానికి కారణమూ అదే. ఆ మంచి వేలే గుడివాడలో ముప్ఫై ఒక్కసార్లు తన్నులు తినిపించింది. ధనుష్ ఏడాది కిందటే చెప్పాడు, వినలేదు. సిరాజుద్దీన్‌కి సిగ్గేసింది, దాని వెనకాలే మహమూదా మీద ఎందుకో బోలెడంత ప్రేమ కలిగింది. “వెల్లుల్లి బాగా ఒలిచావు ఖాలా,” అన్నాడు. అతని నోట్లోంచి మెచ్చుకోలు విని అర్షియా వంటింట్లోంచి తొంగి చూసింది.

ఆ అలవాటు మాన్పించే మందు కూడా మహమూదాయే చెప్పింది. నొక్కిన వెంటనే వేలెత్తి గాల్లో పెట్టమంది. అర్షియా పక్కన కూర్చుని కాపలా కాసింది, వేలు దిగితే చెంచాతో కొట్టేది. వారం రోజులు సిరాజుద్దీన్ ఏం నొక్కినా వేలు పైకి లేపేవాడు. కాలింగ్ బెల్లు నొక్కి వేలెత్తాడు. లైటు స్విచ్చి వేసి వేలెత్తాడు. మసీదు దగ్గర ఎవరో పలకరిస్తే వాళ్ల చెయ్యి నొక్కి వదిలి వేలెత్తాడు, వాళ్లు ఆకాశంలోకి చూశారు.

గురువారం నాడు జగన్మోహనరావుగారు చెకింగ్ కుర్చీ దగ్గరికి స్వయంగా వచ్చి ఒక గాజు బల్ల మీద పెట్టారు. అవనిగడ్డ కొట్టువాళ్లు తిప్పి పంపారు. పెట్టె విప్పుతుంటేనే రాయి రాలిపడిందట. సిరాజుద్దీన్ గాజు చేతిలోకి తీసుకున్నాడు. ప్రతి రాయినీ వేలితో రెండోసారి నొక్కి చూడడం తన చెకింగ్‌లో సగం పని అని అతనికి అప్పుడు తెలిసింది. నాలుగు రోజుల నుంచి ఒక్కసారే నొక్కి వేలెత్తుతున్నాడు.

వర్క్‌షాపంతా చేతులాపి చూస్తోంది. ఎనిమిదేళ్లలో మొదటి గాజు.

“ఏమైందయ్యా సిరాజుద్దీన్?” అన్నారు యజమాని. ఆయన గొంతులో కోపం కన్నా ఆశ్చర్యమే ఎక్కువ.

చెప్పడానికి బోలెడంత ఉంది. తొమ్మిది నిమిషాలు చెప్పవచ్చు. సిరాజుద్దీన్ చీటీల పుస్తకం తెరిచి, ‘వదులు’ అని తనకు తనే రాసుకుని, గాజుకి కట్టుకున్నాడు.

“తప్పు నాదేనండి. సరిచేసి తెస్తాను.”

ఆ మధ్యాహ్నం అతను బల్ల దగ్గర కూర్చుని ఊడిన రాయి కూర్చాడు. ఆ నాలుగు రోజుల్లో తన చేతి మీదుగా వెళ్లిన పెట్టెలన్నీ విప్పించి, చీకటి పడేదాకా మళ్లీ చూశాడు. పదకొండు మందిలో ఒక్కరు కూడా నవ్వలేదు. లక్ష్మీదుర్గ తన క్యారేజీలోంచి కొరమీను పులుసు కొంచెం అతని గిన్నెలో వేసి వెళ్లింది.

ఆదివారం గుడివాడ ప్యాసింజర్లో అర్షియా, మహమూదా కూడా ఎక్కారు. మహమూదా ఎరువుల కొట్టు మెట్లన్నీ ఒక్కొక్కటే ఎక్కి, కుర్రాళ్ల మధ్య కుర్చీలో కూర్చుని, టీవీ వైపు వీపు తిప్పుకుంది. ఆవిణ్ణి చూసి కుర్రాళ్లు తిట్లు మానేశారు. డేవిడ్ రాజు చీట్లు తీశాడు. మొదటి మ్యాచ్, సిరాజుద్దీన్ గారు, ధనుష్.

గదిలో ఒక నిట్టూర్పు లాంటిది వినబడింది. ధనుష్ నాలుగు నెలలుగా ఎవరి చేతిలోనూ ఓడలేదు. సిరాజుద్దీన్ పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఈ కుర్చీలో కూర్చోవడం ఇదే ఆఖరిసారేమోనన్న ఆలోచన ఎంత తోసేసినా పోవడం లేదు.

మొదటి రౌండు పోయింది. వేలు రెండుసార్లు దిగింది, రెండుసార్లూ తాతగారు తిన్నాడు. వెనకనుంచి మహమూదా దగ్గింది. రెండో రౌండులో తాతగారు ఎగరలేదు, మూలకి వెళ్లలేదు, దెబ్బ తిన్నప్పుడు రోషపడలేదు. ఆ రౌండు ఎలాగో గెలిచాడు. మూడో రౌండులో ఇద్దరికీ ఒక్కో దెబ్బకి సరిపడా ప్రాణం మిగిలింది. తాతగారు కర్ర విసిరాడు, ధనుష్ అడ్డుపెట్టుకున్నాడు. ఇప్పుడు రెండో నొక్కు వస్తుందని ఆ గదిలో అందరికీ తెలుసు. ధనుష్‌కి మరీ బాగా తెలుసు, ఏడాది కిందటే చెప్పింది అతనే కదా. ఆ అదను కోసం ముందుగానే కాలు విసిరాడు.

సిరాజుద్దీన్ వేలు గాల్లో ఉంది. నమాజులో కలిమా చదివేవాడిలా నిటారుగా పైకెత్తి పట్టుకున్నాడు. ధనుష్ కాలు వట్టి గాలిని తన్నింది. అప్పుడు తీరిగ్గా వేలు దించి, ఒక్కసారి నొక్కాడు.

కిందనున్న ఎరువుల కొట్టువాళ్లు పైకొచ్చి ఏమైందని అడిగేంత గోల చేసింది గది. అర్షియా రెండు చేతులతో మొహం కప్పుకుంది. సిరాజుద్దీన్ ఏడవలేదు గానీ ముక్కు చాలాసేపు తుడుచుకున్నాడు.

మొదటి మ్యాచ్‌లన్నీ అయ్యాక ధనుష్ కుర్చీ లాక్కుని దగ్గరికి వచ్చాడు. కుర్రాడి మొహంలో కోపం లేదు.

“అన్నా, ఇవాళ నా తప్పేంటో చెప్పండి. ఎవరూ చెప్పట్లేదు నాకు. గెలుస్తున్నానుగా అని వదిలేస్తున్నారు.”

సిరాజుద్దీన్ నోరు తెరిచాడు. తప్పు చూపించమని ఎవరైనా అడగడం, అతను నోరు తెరవడం, అందులోంచి మాట రాకపోవడం అతని జీవితంలో ఎప్పుడూ జరగలేదు. మూడు రౌండ్లూ మనసులో తిప్పి చూసుకున్నాడు. తన వేలు గుర్తుంది. తన ఊపిరి గుర్తుంది. ఎదురుగా తెర మీద కొట్టుకున్న రెండో మనిషి ఏ రంగు బట్టలు వేసుకున్నాడో కూడా గుర్తు రాలేదు.

“నిజం చెప్తాను, ఏమీ అనుకోకు తమ్ముడూ,” అన్నాడు. “ఇన్ని నెలలుగా నీతో ఆడుతున్నాను గానీ, నిన్ను ఒక్కసారి కూడా చూళ్లేదు నేను.”

డేవిడ్ రాజు రెండో మ్యాచ్‌కి సిరాజుద్దీన్ గారి పేరు పిలుస్తున్నాడు, మర్యాదగా, మూడోసారి. సిరాజుద్దీన్ వినిపించుకోలేదు. కుర్చీ కుర్రాడి పక్కకి జరుపుకుని, కళ్లజోడు తీసి తుడిచి పెట్టుకున్నాడు.

“వీడియో పెట్టు. మొదట్నుంచి చూద్దాం.”